భయం లేనోడికి కూడా తాడు కావాలి

(ఊరు దాటి పనులకు పోయే యువత కోసం పెట్టుకున్న శిక్షణలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాను. కొంచెం పొడుగైంది. ఓపిగ్గా చదవండి, పనికి పోయే మీవాళ్ళకి పంపండి.)





పోడు పట్టాల గురించి, పెసా గురించి, 1/70 గురించి మాట్లాడమంటే మనం పొద్దుపోయేదాకా మాట్లాడతాం. ఇవాళ నేను నిచ్చెన గురించి మాట్లాడతా అనేసరికి ఇక్కడ కొంతమంది నవ్వుతున్నారు. "చెట్టెక్కేటోళ్ళకి నిచ్చెనెక్కడం నేర్పుతావా అన్నా?" అని ఒక తమ్ముడు అడగనే అడిగాడు. నవ్వండి, పర్వాలేదు. ఆ ప్రశ్నకే ఈరోజు జవాబు చెప్తా.

పత్తి ఏరుడు, మిర్చి కోతలు అయిపోయాక మన గూడేల్లో ఎంతమంది మగపిల్లలు మిగులుతున్నారు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి పెయింటింగ్, సెంట్రింగ్, రేకుల షెడ్లు, హోర్డింగులు, సెల్ టవర్లు, మేడల మీద సోలార్ ప్లేట్లు, అద్దాల బిల్డింగులు తుడవడం. ఇందులో ఏ పని చూసినా ఎత్తు మీద పనే. డిగ్రీ చదివినోళ్ళు కూడా నోటిఫికేషన్ వచ్చేదాకా ఈ పనులకే పోతున్నారు. భూమి పోకుండా కాపాడుకోవడం మన హక్కు అంటున్నాం. పనికి పోయిన మనిషి నడుచుకుంటూ ఇంటికి తిరిగి రావడం కూడా అంతే హక్కు. అందుకే ఇది మన సభలో మాట్లాడాల్సిన విషయమే.

ఆ పొగడ్త వెనక లెక్క

సైట్ల మీద ఒక మాట వింటాం. "ఏజెన్సీ పిల్లలకి భయం ఉండదు. కోతుల లెక్క ఎక్కేస్తారు. వాళ్ళని పైకి పంపండి." మేస్త్రీ అంటాడు, కాంట్రాక్టర్ అంటాడు. మనోళ్ళు కూడా ఛాతీ విరుచుకుంటారు. పొగడ్తే కదా అనుకుంటారు.

నేను అది పొగడ్త అనుకోను. మనిషికి భయం లేదు అంటే అర్థం ఏమిటి? బెల్టు అక్కర్లేదు. పరంజా సరిగ్గా కట్టక్కర్లేదు. కింద వల కట్టక్కర్లేదు. ఒక పూట పని ఆపి తాళ్ళు చూసుకోనక్కర్లేదు. అంటే మన ధైర్యం వాళ్ళకి మిగులు. మనల్ని కోతి అన్నమాట పక్కనబెట్టినా, ఆ మాటతో మన పిల్లోడి ప్రాణం ఖరీదు తగ్గించేస్తున్నారు.

భూమి లాగే బలానికి ఎవరు ఆదివాసీ, ఎవరు కాదు అన్నది తెలియదు. పది అడుగుల ఎత్తు నుంచి పడితే నేల తాకడానికి పట్టేది సుమారు 0.8 సెకను. ఒక రెప్పపాటు, అంతే. తాకేటప్పుడు వేగం గంటకి 28 కిలోమీటర్లు. ఇరవై అడుగులైతే 39 కిలోమీటర్లు. అంత వేగంతో బండి వచ్చి గోడకి కొట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఎంత చురుకైనోడైనా 0.8 సెకనులో చెయ్యి చాపి పట్టుకోవడం జరిగే పని కాదు. పడ్డాక నేర్పరితనం పనికిరాదు. పడకముందు చేసిన ఏర్పాటే పనికొస్తది.

మొహాక్ జనం కథ

ఈ పొగడ్త మనకొక్కరికే కాదు. ఉత్తర అమెరికాలో మొహాక్ అని మూలవాసీ జనం ఉన్నారు. కెనడాలో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున కాహ్నవాకే అనేది వాళ్ళ ఊరు. 1886లో వాళ్ళ భూముల పక్కన నది మీద రైలు వంతెన కట్టేటప్పుడు ఆ కుర్రాళ్ళు ఇనుప పనిలోకి వచ్చారు. చాలా తొందరగా నేర్చుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లో ఆకాశానికంటే మేడలు కట్టిన ఇనుప పనివాళ్ళలో వాళ్ళు ఎంతోమంది. వాళ్ళ గురించి కూడా తెల్లోళ్ళు అదే రాశారు: "ఈ జాతికి ఎత్తంటే భయమే లేదు."

1907 ఆగస్టు 29న క్యూబెక్ దగ్గర కడుతున్న వంతెన కూలి నదిలో పడింది. 75 మంది చనిపోయారు. అందులో 33 మంది కాహ్నవాకే మొహాక్‌లు. ఒక్క చిన్న ఊరు నుంచి 33 మంది. వాళ్ళల్లో ఒక్కడు కూడా ఎక్కడం చేతకాక చావలేదు. వంతెన బరువుని ఇంజినీర్లు తక్కువ లెక్క వేశారు. కింది ఇనుప దూలాలు వంగుతున్నాయని కూలడానికి కొన్ని రోజుల ముందే సైట్ మీద కనిపించింది. అయినా పని ఆగలేదు. ఆపమన్న కబురు చేరాల్సిన టైముకి చేరలేదు.

ఆ తర్వాత ఆ ఊరి ఆడవాళ్ళు ఒక మాట మీద నిలబడ్డారు: ఇకనుంచి మన మగవాళ్ళందరూ ఒకే పనికి పోవద్దు, వేర్వేరు చోట్లకి పోవాలి అని. తర్వాతి తరాల మొహాక్ పనివాళ్ళు కూడా చెప్పేది ఒకటే: భయం మాకూ అందరిలాగే ఉంది, దాన్ని మోస్తూ పని చేస్తాం అని. కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇది. ఎక్కడం రావడం వేరు, క్షేమంగా దిగడం వేరు. రెండోది నీ ఒక్కడి చేతిలో లేదు.

మన పెద్దలు తాడు లేకుండా ఎక్కారా?

నల్లమలలో చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ దిగి తేనె తీస్తారు. చూసినోళ్ళు "అబ్బ, ఎంత ధైర్యం!" అంటారు. కానీ పైన తాడు దగ్గర ఎవరు కూర్చుంటారో చూడండి. దారిన పోయేవాడిని కూర్చోబెట్టరు. నమ్మకమైన చుట్టాన్ని కూర్చోబెడతారు. బావమరిదే ఉండాలని చాలామంది చెప్తారు. ఎందుకు? తాడు జారితే విధవ అయ్యేది అతని సొంత అక్కో చెల్లెలో. ఆ చెయ్యి తాడు వదలదు. ఇది మన జనం ఏ పుస్తకం చూడకుండా రాసుకున్న సేఫ్టీ రూలు.

మన చేలల్లో మంచె తీసుకోండి. పందుల కాపలాకి మంచె కట్టేటప్పుడు మన తాతలు ఏం చేస్తారు? గుంజల్ని లోతుగా పాతుతారు. పోయిన ఏడాది కట్లు వదిలేసి కొత్తవి కడతారు. పుచ్చిన కర్ర తీసేస్తారు. ముందు ఊపి చూసి తర్వాత ఎక్కుతారు. తాడి ఎక్కేవాళ్ళు మోకు చూసుకోకుండా చెట్టు ముట్టరు.

తరతరాలుగా తాళ్ళెక్కే గీత కార్మికులకే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ చెట్టెక్కే మనిషికి కూడా పట్టుతప్పితే ఆపే తాడు కావాలని ఒప్పుకున్నట్టే కదా. గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో నేర్చుకుని, హార్నెస్ వేసుకుని, తాడుకి క్లిప్పు తగిలించుకుని ఎక్కింది. ఆమెది పిరికితనం అని ఎవరైనా అంటారా?

మన సంప్రదాయం భయం లేకపోవడం కాదు. భయానికి తగ్గ ఏర్పాటు చేసుకోవడం. సిటీకి పోయాక ఆ ఏర్పాటుని వదిలేసి, ఉత్త ధైర్యం ఒక్కటే పట్టుకుపోతున్నాం. అదీ గొడవ.

ఇంకో తేడా కూడా ఉంది. చెట్టుకి వేరు ఉంది. నిచ్చెనకి లేదు. చింతచెట్టు కొమ్మ ఎంత బరువు ఆపుతదో నీకు చిన్నప్పటినుంచి తెలుసు. సైట్ మీద పలక ఎవడు కట్టాడో, ఎప్పుడు కట్టాడో, దాని కింద ఏముందో నీకు తెలియదు. తెలియని దాన్ని చెట్టులా నమ్మొద్దు.

నిచ్చెన

ఇక పనికొచ్చే సంగతులు. ఫోన్లో రాసుకోండి.

ఒకటి. ఎక్కేముందు చూడు. మెట్టు వదులుగా ఉందా, పక్క కర్ర చీలిందా, కింద రబ్బరు బూట్లు ఉన్నాయా. కర్ర నిచ్చెనకి మందంగా రంగు వేసి ఉంటే అనుమానపడు. రంగు కింద పగులు కనపడదు.

రెండు. నాలుగుకి ఒకటి. నిచ్చెన గోడకి 12 అడుగుల ఎత్తున ఆనితే, అడుగు గోడకి 3 అడుగుల దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే నువ్వు వెనక్కి పడతావు, దూరంగా పెడితే కింద జారుతది. సరిపోయిందో లేదో చూడ్డానికి సులువైన దారి: కాలివేళ్ళు నిచ్చెన అడుగుకి ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపు. అరచేతులకి మెట్టు అందితే సరిగ్గా ఉన్నట్టు.

మూడు. మేడ మీదికి పోయేటట్టయితే నిచ్చెన అంచు దాటి ఇంకో మూడడుగులు పైకి ఉండాలి. పైన తాడుతో కట్టాలి. కట్టేదాకా కింద ఒక మనిషి పట్టుకుని ఉండాలి. ఆ మనిషి ఫోన్ చూడకూడదు.

నాలుగు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు కాళ్ళు ఒక చెయ్యి, లేదా రెండు చేతులు ఒక కాలు ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. రంగు డబ్బా చేత్తో పట్టుకుని ఎక్కొద్దు. పైకి పోయాక తాడేసి లాక్కో.

ఐదు. నీ బొడ్డు నిచ్చెన రెండు పక్క కర్రల మధ్యే ఉండాలి. పక్కకి వంగి ఇంకొంచెం అందుకుందాం అనుకున్నప్పుడే నిచ్చెన తిరగబడతది. దిగి, జరిపి, మళ్ళీ ఎక్కు. రెండు నిమిషాలు పోతే పోయింది.

ఆరు. పై మూడు మెట్ల మీద నిలబడొద్దు. ఎత్తు చాలకపోతే నిచ్చెన మార్చు. కింద ఇటుకలు, డ్రమ్ములు పెట్టి ఎత్తు చెయ్యొద్దు.

ఏడు. కరెంటు తీగలు ఉన్నచోట ఇనుప నిచ్చెన, అల్యూమినియం నిచ్చెన తేవొద్దు. తీగకి కనీసం పది అడుగుల దూరం ఉంచుకో. నిలబెట్టిన నిచ్చెనని అలాగే మోసుకుంటూ నడవొద్దు. తల పైకెత్తి చూడకపోవడం వల్ల పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. హోర్డింగుల పనికి పోయేవాళ్ళు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి.

పరంజా, జూలా, రేకులు

పరంజా అంటే మన మంచెకి పెద్దన్న. కాబట్టి మంచె ప్రశ్నలే అడగండి. కాళ్ళ కింద గట్టి నేల, ఇనుప ప్లేటు ఉన్నాయా, లేక ఇటుక ముక్కల మీద నిలబెట్టారా? గోడకి కట్టి ఉందా? నిలబడే చోట పలకలు నిండా పరిచారా, లేక ఒక్క పలక మీదే నడవమంటున్నారా? పలక రెండు చివర్లూ కట్టారా? చివర కట్టని పలక మీద అడుగేస్తే రెండో చివర లేస్తది. నడుము ఎత్తున అడ్డపట్టీ, మధ్యలో ఇంకోటి, కాళ్ళ దగ్గర సామాను జారి కిందోళ్ళ మీద పడకుండా పలక ఉన్నాయా? ఎక్కడానికి వేరే నిచ్చెన ఉందా, లేక గొట్టాల మీదే పాకమంటున్నారా? గాలివాన వచ్చిన మర్నాడు, మళ్ళీ చూసుకున్నాకే ఎక్కాలి.

చక్రాల పరంజా అయితే చక్రాలకి లాకు వెయ్యాలి. ఎత్తు అడుగు వెడల్పుకి మూడింతలు దాటకూడదు. పైన మనిషి ఉండగా తొయ్యకూడదు. "దిగడమెందుకురా, అలాగే ఉండు" అంటే వినొద్దు. చిన్న గుంతలో చక్రం పడితే చాలు.

అద్దాల బిల్డింగులకి తాళ్ళ మీద వేలాడే జూలా ఉంటది. అక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి: మీ బెల్టు తాడు జూలాకి కట్టకూడదు. పైన వేరే గట్టి చోట కట్టిన వేరే లైఫ్‌లైన్‌కి కట్టాలి. జూలా తెగితే జూలాతోపాటు మీరూ పోకుండా ఉండాలంటే ఇదే దారి. బుట్టలో నిలబెట్టి పైకెత్తే బూమ్ లిఫ్ట్ అయితే మాత్రం హుక్ బుట్టలోనే దానికోసం పెట్టిన చోట తగిలించాలి, కింది నుంచి దాన్ని దించడం తెలిసిన మనిషి ఒకరు ఉండాలి.

రేకుల షెడ్ మీద పని చూడ్డానికి సులువు. కానీ సిమెంటు రేకు మనిషి బరువుకి పటుక్కున పగులుద్ది. ఎండకి, వానకి పాతబడ్డ రేకైతే మరీను. వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ రేకు మీద దుమ్ము పడితే మామూలు రేకులాగే కనపడతది. రేకు మీద నేరుగా అడుగు వెయ్యొద్దు. కింద ఇనుప దూలాలకి ఆనేటట్టు పలకలు పరచి వాటి మీద నడవాలి, బెల్టు తగిలించి ఉండాలి.

బెల్టు పెట్టుకోగానే అయిపోలేదు

నడుముకి కట్టే ఉత్త బెల్టు కాదు, భుజాలకి తొడలకి పట్టీలుండే ఫుల్ హార్నెస్ అడగండి. నడుం బెల్టుతో పడితే ఆ కుదుపుకి వెన్ను, పొట్ట దెబ్బతింటాయి. పట్టీ తెగిందా, కుట్లు ఊడాయా, హుక్ మూత సరిగ్గా పడుతోందా చూసుకోండి. ఒకసారి మనిషి పడితే ఆపిన బెల్టుని మళ్ళీ వాడకూడదు. అది దాని పని చేసేసింది.

హుక్ ఎక్కడ తగిలిస్తున్నావు అన్నది అసలు సంగతి. తలపైన తగిలించు. కాళ్ళ దగ్గర తగిలిస్తే ఎక్కువ దూరం పడ్డాకే ఆపుతది. ఆరడుగుల తాడు, దాని కుదుపు తగ్గించే పట్టీ సాగితే ఇంకో మూడున్నర అడుగులు, నీ ఒడ్డూ పొడవూ, కొంచెం జాగ్రత్తకి ఖాళీ, అన్నీ కలిపితే హుక్ కింద సుమారు 18 అడుగుల ఖాళీ ఉండాలి. పన్నెండు అడుగుల ఎత్తులో అంత పొడుగు తాడు కట్టుకుంటే బెల్టు బిగిసేలోపే నేల తగులుద్ది. అక్కడ పొట్టి తాడు కావాలి, లేదా పడే అవకాశమే లేకుండా అడ్డపట్టీలు కావాలి.

హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని "బతికాడులే" అని వదిలేయొద్దు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతది, నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తది. దించడం ఎలా అన్నది ఎక్కకముందే అనుకుని ఉండాలి. కింద పడ్డ మనిషిని చేతులు కాళ్ళు పట్టి ఆటోలో కుక్కొద్దు. మెడ, వెన్ను కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. నీళ్ళు పట్టొద్దు.

మన తాడు ఎవరి చేతిలో ఉంది?

ఇందాక చెప్పిన తేనె తాడు గుర్తు తెచ్చుకోండి. అడవిలో తాడు బావమరిది చేతిలో ఉంది. సిటీలో మన తాడు ఎవరి చేతిలో ఉంది? గుంపు మేస్త్రీ చేతిలో, వాడి పైన సబ్ కాంట్రాక్టర్, వాడి పైన కాంట్రాక్టర్, వాడి పైన బిల్డర్. ఇందులో మనం పోతే విధవ అయ్యే అక్కాచెల్లెళ్ళు ఎవరికీ లేరు. అందుకే చట్టం కావాలి. చుట్టరికం లేనిచోట చట్టమే తాడు పట్టుకోవాలి.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డులో వేస్తారు. అది మన చెమట డబ్బు. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుండి, పోయిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు ఎవరైనా ఆ కార్డు తీసుకోవచ్చు. మనలో ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారా. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 లేబర్ కోడ్లలో కలిపేశారు. ఆ కోడ్‌లోనూ రాసి ఉంది: కార్మికుడి భద్రత కోసం ఇచ్చేదానికి అతని దగ్గర డబ్బు తీసుకోకూడదు. బెల్టు డబ్బులు, హెల్మెట్ డబ్బులు కూలీలో కోస్తే అది తప్పు. ప్రమాదం కనిపిస్తోందని యాజమాన్యానికి చెప్పే హక్కు కూడా మనకుంది.

ఇంక జరగకూడనిది జరిగితే? మనకి అలవాటైన కథ ఏమిటి? రాత్రికి రాత్రి అంబులెన్స్‌లో శవం గూడేనికి వస్తది. ఖర్చులకని కొంత డబ్బు చేతిలో పెడతారు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. "మీవాడు తాగి ఎక్కాడు, మాదేం తప్పు లేదు, మంచోళ్ళం కాబట్టి ఇస్తున్నాం" అంటారు.

ఒక లెక్క చెప్తా, గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం, పనిలో మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఉండే ఒక అంకెతో గుణించాలి. జీతాన్ని గరిష్ఠంగా 15,000 వరకు లెక్కలోకి తీసుకుంటారు. 25 ఏళ్ళ మనిషికి ఆ అంకె 216.91. పదిహేను వేలలో సగం 7,500. గుణిస్తే 16,26,825 రూపాయలు. ఈ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపినా లెక్క కట్టే పద్ధతి ఇదే. పదహారు లక్షలు రావాల్సిన చోట ఇరవై వేలు ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే అది సాయం కాదు, దోపిడీ.

"తాగి ఉన్నాడు", "చెప్పినా బెల్టు పెట్టుకోలేదు" అన్న సాకు చావు విషయంలో, పూర్తిగా పని చెయ్యలేని వైకల్యం విషయంలో చెల్లదు. చిన్న గాయాలకి మాత్రం చెల్లుద్ది, కాబట్టి తాగి ఎక్కొద్దు, ఇచ్చిన బెల్టు విప్పొద్దు. మేస్త్రీ పారిపోయాడు, సబ్ కాంట్రాక్టర్ దొరకడం లేదు అన్నా సరే, పని ఎవరిదో ఆ అసలు యజమాని మీద కేసు వెయ్యొచ్చు. రెండేళ్ళలోపు వెయ్యాలి.

కేసు నిలబడాలంటే ఆనవాళ్ళు కావాలి. పనిలో చేరిన రోజే సైట్ బోర్డు ఫోటో తీసి ఇంటికి పంపండి. కూలీ ఫోన్‌పేలో వేయించుకోండి, చేతికి ఇస్తే తేదీ వేసి రాసుకోండి. మేస్త్రీ నంబరు ఇంట్లో ఉండాలి. ప్రమాదం జరిగితే ఆ పరంజా, ఆ నిచ్చెన తీసెయ్యకముందే ఫోటో తియ్యండి. పోలీసు కేసు, పోస్ట్‌మార్టం లేకుండా శవాన్ని కదలనియ్యొద్దు. చదవని కాగితం మీద సంతకం వద్దు, వేలిముద్ర వద్దు.

ఇవాళ ఇక్కడ అనుకుందాం

ఉపన్యాసం విని పోతే లాభం లేదు. నాలుగు మాటలు మన గూడెం కట్టుబాటు చేసుకుందాం.

ఒక్కడే పోవద్దు. గుంపుగా పోదాం, గుంపులో ఒకరిని బావమరిదిగా పెట్టుకుందాం. అంటే రోజూ పని మొదలుకాకముందు నిచ్చెన, పరంజా, బెల్టు చూసే మనిషి. ఆ మనిషి "వద్దు" అంటే ఎవరూ ఎక్కకూడదు. ఎంత పెద్ద మొనగాడైనా సరే. ఒక్కడు అడిగితే పనిలోంచి తీసేస్తారు. పదిమంది కలిసి "బెల్టు ఇస్తేనే ఎక్కుతాం" అంటే ఆ పూటకి బెల్టులు ఎక్కడనుంచో వస్తాయి.

పోయేముందు గ్రామసభ దగ్గర పేరు, ఫోన్ నంబరు, పోతున్న ఊరు, తీసుకుపోయే మేస్త్రీ పేరు రాయించుకుందాం. కాహ్నవాకే ఆడవాళ్ళలాగే మన అక్కచెల్లెళ్ళు దీన్ని పట్టుబట్టి చేయించాలి. ఆ పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంటే ఇంకా మంచిది.

పద్దెనిమిది నిండని తమ్ముళ్ళని ఎత్తు పనికి పంపొద్దు. ఆధార్‌లో వయసు దిద్దించి పంపడం అసలే వద్దు.

కార్డు లేనివాళ్ళు చదువుకున్న పిల్లల్ని వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకి పోదాం. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న మనమే ఆ ఫారాలు నింపుదాం. చదువు ఇందుకే కదా.

ఇక తమ్ముడి ప్రశ్నకి మిగిలిన సగం జవాబు. చెట్టెక్కడం నీకు నేను నేర్పలేను. నువ్వే నాకు నేర్పగలవు. నేను అడిగేది ఒక్కటే. రేపు ఎవడైనా "మీవాళ్ళకి భయం లేదుగా, ఎక్కు" అంటే, నవ్వి ఊరుకోకు. "తాడేది?" అని అడుగు. ఇవ్వకపోతే కిందనే నిలబడు. నీ పక్కన ఇంకో తొమ్మిదిమంది నిలబడేటట్టు చూసుకోవడం మనందరి పని.

జల్, జంగల్, జమీన్ మనవి. మన ప్రాణాలూ మనవే.

జోహార్. జై ఆదివాసీ.